అలమరలో శోకం

ఆగస్టు నెల మధ్యాహ్నం పూట, కిటికీకి అట్టముక్కలు బిగించిన గదిలో ఏసీ ఆపేస్తే ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఈ గల్ఫ్ దేశంలో, ముహర్రక్‌లో మా గదికి వచ్చి ఉంటే తెలిసేది. ఇడ్లీ పాత్రలో మనిషిని కూర్చోబెట్టి మూత పెట్టినట్టు ఉంటుంది. బుద్ధున్నవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. మా గదిలో ఒక మహాతల్లి చేసేది. ఎందుకంటే పాట కోసమట!

ఆ మహాతల్లిది నైజీరియా. పాతికేళ్ళు దాటి ఉంటాయి. నేనూ తనూ ఒకే క్లీనింగ్ కంపెనీలో పనిచేస్తాం. పొద్దున్నే ఒకే వ్యాను ఎక్కి, ఎవరి ఇళ్ళ దగ్గర వాళ్ళం దిగి, సాయంత్రం అదే వ్యానులో తిరిగొస్తాం. కంపెనీ ఇచ్చిన గదిలో మూడు మంచాలు. ఒకటి నాది, ఒకటి ఆ పిల్లది, మూడోది మా గోదావరి వైపావిడది. ఆవిడ నన్ను వదినా అంటుంది, నేనూ ఆవిణ్ణి అలాగే అంటాను, చుట్టరికం ఏమీ లేదు. పిల్ల మాత్రం నన్ను ఆంటీ అంటుంది. వాళ్ళ దేశంలో కూడా పెద్ద ఆడవాళ్ళని ఆంటీ అనే పిలుస్తారట. ఆ ఒక్క మాటా మాకు మొదటిరోజే కుదిరింది. మిగతా మాటలన్నీ కాస్త హిందీ, కాస్త అరబ్బీ, కాస్త ఇంగ్లీషు కలిపి కొట్టిన పచ్చడి. ఇక్కడ ఆ పిల్ల మాటలు నాకు అర్థమైనట్టు తెలుగులో రాస్తున్నాను. నేను తిట్టేది మాత్రం మొదటినుంచీ తెలుగులోనే తిడతాను, దానికి అర్థమైనా సరే, కాకపోయినా సరే.

పాటలు పాడుతుందని గదిలోకి వచ్చిన కొన్నాళ్ళకే తెలిసింది. పాడితే పాడనీ, మా వదిన కూడా అంట్లు తోముతూ పాడుతుంది. కానీ ఈ పిల్ల ఆల్బం చేస్తోందట. మొట్టమొదటి ఆల్బం. సెకండ్ హ్యాండులో కొన్న మైకు, మూత దగ్గర విరిగిన ల్యాప్‌టాప్, అంతే సామాను. ఏసీ చప్పుడు మైకులో పడుతుందని ఏసీ ఆపుతుంది. గోడలు మోగుతున్నాయని బట్టల అలమరలోకి దూరుతుంది. మా ముగ్గురి చీరలు, నైటీలు, కంపెనీ యూనిఫారాలు వేలాడే అలమర అది. ఆ బట్టల మధ్య నిలబడి, తలుపు సగం వేసుకుని, మైకు ముక్కు దగ్గర పెట్టుకుని గొణుగుతుంది. దాన్ని పాడటం అనడానికి నాకు నోరు రాలేదు. ఇంతలో ఎయిర్‌పోర్టులో దిగే విమానం మా మేడ మీదనుంచి పోతుంది. "ఖలాస్," అని నిట్టూర్చి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటుంది. మళ్ళీ ఇంకో విమానం. బయట మేమిద్దరం తడిగుడ్డలు మెడ మీద వేసుకుని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చుకుంటూ మంచాల మీద కూర్చోవాలి. శనివారం నుంచీ ఊళ్ళోవాళ్ళ బాత్రూములు కడిగి, సెలవు దొరికిన ఒక్క శుక్రవారం ఇదీ మా భోగం.

"మీ దేశం పాటలు ఇలా ఉండవు కదే," అన్నాను ఒకసారి. "వ్యాను డ్రైవరు పెడతాడు చూడు, ఆ డప్పులూ ఆ ఊపూ, కాళ్ళు ఊరుకోవు. అలాంటిది పాడుకోవచ్చు కదా, పదిమందీ వింటారు."

"అవి పాడేవాళ్ళు చాలామంది ఉన్నారు ఆంటీ. నాది వేరే. నేను నిజం మాత్రమే పాడతాను," అంది.

నిజం మాత్రమేనట! గల్ఫ్‌కి వచ్చి ఇంటికి నిజం చెప్పిన ఆడదాన్ని నేను ఇంతవరకు చూడలేదు. మా వదిన ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు మంచాలు కనపడకుండా కర్టెన్ వైపు తిరిగి కూర్చుని, ఆసుపత్రిలో పనని చెప్తుంది. నేను పెద్ద హోటల్లో పనని చెప్పాను. అందులో తప్పేముంది? మన అగచాట్లు మనకు ఎలాగూ తప్పవు, అక్కడివాళ్ళ నిద్ర కూడా ఎందుకు చెడగొట్టాలి? అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి. నిజం చెప్పి ఊరుకోవడం ఎంతసేపు?

వ్యానులో నా పక్కనే కూర్చుని ఒక్కో పాటకీ అర్థం చెప్పేది. ఒక పాటలో, అక్క గొంతు తన గొంతు కన్నా బాగుంటుందని కుళ్ళుకుందట. ఆ కుళ్ళే పాటంతా. ఇంకో పాటలో, చర్చిలో అందరి మధ్యా నిలబడి పెదాలు మాత్రం ఆడించిందట, లోపల నమ్మకం పోయి చాలా కాలమైందట. మరో పాటలో, పక్క మంచం మనిషి దుప్పటి కప్పుకుని ఏడుస్తుంటే లేచి పలకరించకుండా నిద్ర నటించిందట.

"పక్క మంచం మనిషెవర్తే?" అని అడిగాను.

పిల్ల కిటికీలోంచి బయటికి చూసింది. మా వదినే అయ్యుంటుంది. నేను ఏడ్చే రకం కాదు.

ఇలాంటి నిజాలు మా ఊళ్ళో ఎవరైనా నోరుజారి అంటే, చెంబుడు నీళ్ళిచ్చి కాసేపు పడుకోబెడతారు. ఈ పిల్ల మాత్రం పరువు తక్కువ సంగతులన్నీ ఏరుకొచ్చి, వాటికి రాగం కట్టి లోకం మీదికి వదులుతుందట. పైగా అది గొప్పట.

మనామాలో బంగారం కొట్ల వెనక సందులో ఒక స్టూడియో ఉందని ఎవరో చెబితే, ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ వెంట వెళ్ళాను. లోపల చీకటి. ఆ చీకట్లో కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒకడు కూర్చున్నాడు. ఏ దేశంవాడో అంతుబట్టలేదు, అన్ని భాషల్లోనూ ఓవరాక్షనే. పిల్ల పాట పెడితే ఫోను నొక్కుకుంటూ, మధ్యమధ్యలో తలాడిస్తూ సగం విన్నాడు. "బాధ బాగుంది. కానీ స్లోగా ఉంది. కింద బీటు పెడదాం, జనం ఎగరాలి," అన్నాడు. బాధ బాగుందట! కూర నోట్లో వేసుకుని ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు. పిల్ల ల్యాప్‌టాప్ మూసి, థాంక్యూ చెప్పి లేచింది. మెట్లు దిగుతుంటే దాని మొహం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. "పోనీలేవే, వాడి మొహం. వాడికేం తెలుసు," అన్నాను. నాకు మాత్రం ఏదో తెలుసని కాదు. నా గదిలో పిల్లని నేను తిట్టొచ్చు, ఆ కళ్ళజోడుగాడెవడు అనడానికి?

ఆల్బంలో చివరి పాట తండ్రి మీద. మిగతావన్నీ దాని కోసమేననేది. అది కుదిరితేనే ఆల్బం బయటికొస్తుంది, కుదరకపోతే అన్నీ చెరిపేసి ఊరుకుంటానంది. ఎన్నిసార్లు పాడిందో లెక్కలేదు. ప్రతిసారీ అలమరలోంచి తలాడిస్తూ బయటికొచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక అర్థం చెప్పమన్నాను. నాన్న ఒక వెలుగట. ఆ వెలుగు నదిలోకి దిగిపోయిందట. ఆ నది సముద్రంలో కలిసి, సముద్రం ఇక్కడ తన కిటికీ దాకా వచ్చిందట.

"మీ నాన్న ఏం పని చేసేవాడే?" అన్నాను.

"టైర్లకి పంక్చర్లు వేసేవాడు."

"నువ్వు ఇక్కడికి వచ్చేటప్పుడు ఏమన్నాడు?"

చెప్పడానికి ఇష్టపడలేదు. నేను వదల్లేదు. చర్చిలో పాడటం నేర్పింది ఆయనేనట. పిల్ల అది మానేసిన రోజునుంచి దాంతో మాట మానేశాడట. ఇక్కడికి బయల్దేరిన రోజు కారు ఇంటిముందు ఆగితే, ఆ మనిషి లోపల కుర్చీలో కూర్చుని రేడియో చెవి దగ్గర పెట్టుకున్నాడు తప్ప గుమ్మం దాకా రాలేదట. ఆ తర్వాత కొన్నాళ్ళకే పోయాడు. కొత్తగా చేరావు, సెలవు కుదరదన్నారట కంపెనీలో.

"మరి ఇందులో ఆ రేడియో ఏదే?" అన్నాను. "పంక్చరేది? గుమ్మం దాకా రాని మనిషేడీ? నిజం పాడతానని మా ప్రాణాలు తీస్తున్నావు, తీరా చూస్తే నదంట, వెలుగంట! చాల్లే సంబడం. ఏ చావింట్లోనైనా ఇలా ఏడ్చావంటే లేపి బయటికి పంపేస్తారు."

పిల్లకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ల్యాప్‌టాప్ మూసి, "మీ చావింట్లో ఎలా ఏడుస్తారు ఆంటీ?" అని అడిగింది.

అడిగింది కాబట్టి చెప్పాను. మా వైపు చావింటికి వెళ్ళిన ఆడది గుమ్మంలోనే గొంతెత్తాలి. ఎవరు, ఎప్పుడు, ఎలా అని అడుగుతూ నిలబడకూడదు. ఏడుస్తున్న మనిషి మెడ చుట్టూ చేతులేసి, తలకి తల ఆనించి, రాగం తీసి శోకం పెట్టాలి. పోయినవాళ్ళని వరస పెట్టి పిలవాలి. నిలదియ్యాలి. తాగి తన్నినవాడైతే తన్నావని మొహం మీదే అనాలి. నాకు చెప్పకుండా ఎందుకెళ్ళావు, నీ గేదెకి మేత ఎవరు వేస్తారు అని అడగాలి. పొగడ్తలుంటాయి, తిట్లుంటాయి, ఆస్తి తగాదాలు కూడా అందులోనే వస్తాయి. ఒక్క శవం చుట్టూ కూర్చుని ఎవరి చచ్చినవాళ్ళ కోసం వాళ్ళు ఏడుస్తారు, ఎవరూ తప్పు పట్టరు. అంతా అయ్యాక అరుగుల మీద కూర్చుని, ఫలానావిడ బాగా ఏడ్చింది, ఫలానా కోడలిది వట్టి నటన అని చెప్పుకుంటారు.

ఈ విద్యలో మా అమ్మని మించిన మనిషి మా వీధిలో లేదు. ఎవరింట్లో ఎవరు పోయినా ముందు మా అమ్మకి కబురొచ్చేది. చేతిలో పని అక్కడే వదిలేసి, జుట్టు ముడేసుకుని వెళ్ళేది. ఆవిడ గొంతెత్తితే అప్పటిదాకా బీడీలు కాలుస్తూ నిలబడ్డ మగాళ్ళు కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్ళు.

అలాంటి మా అమ్మ పోయినప్పుడు నేను ఈ కంపెనీలో లేను, కఫీల్ ఇంట్లో, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో, పనిమనిషిగా ఉన్నాను. మా తమ్ముడు ఫోన్ చేసి, "అంతా అయిపోయిందక్కా, నువ్వేం కంగారుపడకు," అన్నాడు. దహనం కూడా చేసేశాక చెప్పాడు. అంతా అయిపోయాక ఇంకా కంగారెందుకులే, ఎంత తెలివి! ఆ రోజు మేడం వాళ్ళింటికి చుట్టాలొస్తున్నారు. పాపం ఆవిడ మంచిదే, కాసేపు కూర్చోమంది. కూర్చోలేదు. పరాయివాళ్ళు విందు పెట్టుకుంటుంటే ఆ ఇంట్లో గొంతెత్తి శోకం పెడితే ఊరుకుంటారా? లోపలికెళ్ళి బట్టలు ఇస్త్రీ చేశాను. ఊరందరికీ శోకం పెట్టిన మనిషి సొంత కూతురి శోకం లేకుండా వెళ్ళిపోయింది. ఈ సంగతి మాత్రం పిల్లకి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? నేనేం ఆల్బం చెయ్యడం లేదు.

తర్వాతి శుక్రవారం నాకు జల్లాఖ్‌లో సముద్రం ఒడ్డునున్న ఒక విల్లాలో ఓవర్‌టైం పడింది. వాళ్ళ పార్టీ ఏదో రద్దయిందని మధ్యాహ్నానికే పంపేశారు. మేడ మెట్లెక్కుతుంటే మా గదిలోంచి ఏడుపు వినపడింది. మామూలు ఏడుపు కాదు. గొంతు పగిలి, మాట సాగి, మధ్యలో వెక్కిళ్ళతో తెగి, మళ్ళీ అందుకుంటున్న ఏడుపు. పిల్ల వాళ్ళ భాషలో ఎవరినో ఏదో అడుగుతోంది. మళ్ళీ మళ్ళీ అదే అడుగుతోంది. దాని తల్లి పోయిందనుకున్నాను. ఇంకేమనుకుంటాను? ఊరినుంచి ఫోనొస్తేనే కదా ఈ దేశంలో ఆడది అలా ఏడ్చేది.

ఎవరు, ఎప్పుడు అని అడగలేదు. సంచి గుమ్మంలో పడేసి, అలమర తలుపు లాగి, బట్టల మధ్య నిలబడున్న పిల్ల మెడ చుట్టూ చేతులేసి, తలకి తల ఆనించి గొంతెత్తాను.

మొదట దాని తల్లి కోసమే ఎత్తాను, ఒట్టు. కానీ శోకం మన మాట వింటుందా? రెండు మాటలు దాటాక మా అమ్మ వచ్చేసింది.

"అమ్మా... నన్ను కన్న తల్లీ... నేనొచ్చేదాకా ఆగలేకపోయావా అమ్మా... కొడుకు కొడుకని ఎగబడ్డావు, పొద్దెక్కకుండానే కాటికి మోసేశాడే నీ కొడుకు... నీ మొకం నాకు సూపించడానికి ఆడికి ఫోను లేదా అమ్మా, ఆ ఫోను నేను కొనిచ్చిందే కదమ్మా... ఊళ్ళో అందరి శవాల మీదా ఏడ్చేవు, నన్ను ఇమానం ఎక్కించేటప్పుడు ఒక్క సుక్క రాల్చలేదేంటమ్మా... నేను నీకు ఏమీ కానా అమ్మా..."

ఇంకా చాలా అన్నాను. ఏమేమన్నానో నాకు తెలియదు. పిల్ల నన్ను గట్టిగా పట్టుకుని వాళ్ళ భాషలో అడుగుతూనే ఉంది, నేను మా అమ్మని అడుగుతూనే ఉన్నాను. చివరికి ఊపిరందక ఆగి, చున్నీతో దాని మొహం తుడిచి, "అమ్మకి ఏమైందే?" అన్నాను.

"అమ్మకా?" అంది వెక్కుతూ. "అమ్మ బాగానే ఉంది ఆంటీ."

అప్పుడు చూశాను. హ్యాంగరుకి నా నైటీ పక్కన వేలాడుతున్న మైకు. కింద ల్యాప్‌టాప్‌లో వెలుగుతున్న ఎర్ర చుక్క. చావింట్లో ఎలా ఏడవాలో నేను చెప్పిన మాట పట్టుకుని, ఈ మహాతల్లి తండ్రి పాట కొత్తగా పాడుతోంది! అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికొచ్చి చూస్తే మా వదిన మంచం మీద కూర్చుని కళ్ళొత్తుకుంటోంది.

"అది రికార్డు చేత్తందని నీకు తెలుసు కదా, నాకు చెప్పొద్దా?" అని అరిచాను.

"శోకం మజ్జిలో ఎలా ఆపమంటావొదినా? పాపం కాదూ?" అంది. మళ్ళీ ముక్కు చీది, "ఎంత బాగా ఏడ్చావో! మా మేనత్త పోయినప్పుడు కూడా ఇంత బాగా ఎవ్వరూ ఏడవలేదు," అంది. అంత కోపంలోనూ ఆ మెప్పు నా చెవిన పడకుండా పోలేదు.

సాయంత్రం పిల్ల తన చెవుల్లో ఉన్న ఇయర్‌ఫోన్లు తీసి నా చెవుల్లో పెట్టింది. విన్నాను. కాసేపే విన్నాను. అది నా గొంతు కాదు. రాగం తీసి, మాట చివర విరిచి, ముక్కులోంచి లాగే ఆ లాగుడు అచ్చంగా మా అమ్మది. అమ్మ గొంతు మా ఇంట్లో ఎక్కడా లేదు, దాచుకోవాలని ఎవరికి తట్టింది? అది ఇక్కడ, ఈ పిల్ల డబ్బాలోంచి వస్తోంది. నాకు భయమేసింది. చెవుల్లోంచి పీకి మంచం మీద పారేశాను.

"ఇదే ఆంటీ నా చివరి పాట," అంది. దాని కళ్ళు వెలిగిపోతున్నాయి. "ఇద్దరం ఉన్నట్టే పెడతాను. ఏమీ మార్చను."

"పెట్టావంటే చంపుతాను."

"ఎందుకు? నిజం కదా?"

"నీ నిజం నువ్వు పాడుకో. నా నిజం నీకు సరుకా? మా తమ్ముణ్ణి అన్న మాటలు ఊళ్ళో పడితే నాకు పుట్టిల్లుంటుందా?"

"మీ తమ్ముడు నా పాటలు వింటాడా ఆంటీ?"

"వాడు పొద్దస్తమానం ఫోనులోనే చస్తాడు. ఒకసారి అందులో పడింది ఎవడి చేతిలో తేలుతుందో నీకేం తెలుసు?"

ఆ వారమంతా బతిమాలింది. నా వంతు వంట చేసింది, నా బట్టలు ఉతికింది. నాకు ఇంకా అసహ్యమేసింది. కాకా పట్టి అమ్మ ఏడుపు కొట్టేద్దామనుకుంటోందనిపించింది. చివరికి ఒకరోజు వ్యాను దిగగానే ల్యాప్‌టాప్ తెమ్మని ఎదురుగా కూర్చున్నాను. నా కళ్ళముందే తీసెయ్యమన్నాను.

"తీసేస్తే మళ్ళీ రాదు ఆంటీ. నిజంగా తీసెయ్యనా?"

"తీసెయ్యమంటే తీసెయ్యవే."

తీసేసింది. ఫోనులో ఉన్నదీ తీసేసింది. దాని కళ్ళలో నీళ్ళు చూసి కూడా నేను కరగలేదు. "ఇంకెక్కడైనా దాచావా?" అన్నాను. లేదంది. తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాను. అయినా నమ్మలేదు. ఇన్నేళ్ళు ఇళ్ళల్లో పనిచేశాను. మంచాల కింద, సొరుగుల వెనక మనుషులు ఏమేం దాచుకుంటారో తుడిచేదాన్ని నాకు తెలియదా? అంత బాగుందన్నదాన్ని ఏ మనిషైనా నిజంగా పారేస్తుందా? ఉంచుకుంటే ఉంచుకోనీ, బయట పెట్టకపోతే చాలనుకున్నాను.

తండ్రి పాట మళ్ళీ ఒక్కతే పాడుకుంది. నదీ వెలుగూ పోయాయి. పంక్చర్లు వచ్చాయి, రేడియో వచ్చింది. ఆల్బం బయటికొచ్చింది. అట్ట మీద బొమ్మ ఏమిటంటే మా అలమర. తలుపులు తెరిచి, బట్టలన్నీ కనపడేలా. నా పచ్చ నైటీ లోకమంతా చూసింది. వాళ్ళ దేశంనుంచి ఎవడో ఫోనులో ఇంటర్వ్యూ చేశాడు, దానికీ ఏసీ ఆపింది. ఎంత నిజాయితీ, ఎంత ధైర్యం అని వాడు ఒకటే పొగడ్త. మేము పక్కన చెమటలు కక్కుతూ కూర్చున్నాం, మా ధైర్యం గురించి ఎవడూ అడగలేదు.

వ్యానులో నాకూ వినిపించింది. మొదటి పాటలు ఎప్పటిలాగే నస. చివరి పాటలో మాత్రం, ఆ రేడియోలో అంత గొప్పగా ఏం వచ్చింది నాన్నా అని అడుగుతుంది. అడిగి ఊరుకుంటుంది. ఆ ముక్క నాకు నచ్చింది. నచ్చిందని దానికి చెప్పలేదు.

కొన్నాళ్ళకి వాళ్ళమ్మ ఆ పాట విని ఫోన్ చేసింది. పిల్ల గోడకి ఆనుకుని చాలాసేపు వింటూ నిలబడింది. పెట్టేశాక నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఆ రోజు రేడియోలో బ్యాటరీలు లేవట ఆంటీ," అంది. "ఊరికే చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడట. కారు వెళ్ళిపోయాక కూడా అలాగే కూర్చున్నాడట."

దానికి కనీసం జవాబు దొరికింది. అడిగింది కాబట్టి దొరికింది.

మొన్న మా అమ్మ తద్దినం వచ్చింది. మా తమ్ముడు పొద్దున్నే వీడియో పంపాడు. అరిటాకులు, గారెలు, పాయసం, కొత్త చొక్కాలో వాడు. కింద, అమ్మ ఆశీస్సులు ఎల్లప్పుడూ మనతోనే అని రాసి, రెండు దండాల బొమ్మలు. అమ్మ ఫోటో వెనకెక్కడో సగం కనపడుతోంది, దాని ముందు ఎవరో మజ్జిగ గిన్నె పెట్టారు. చూసి చూసి నాకు కడుపు రగిలిపోయింది. ఆవిడ కోసం సరిగ్గా ఒక్కసారి ఎవరైనా ఏడ్చారంటే అది నేను ఏడ్చిందే. ఆ మాటలు గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ వరసలో రాదు. మా వదినని అడిగితే సగం చెప్పింది, ఆ సగంలోనూ వాళ్ళ మేనత్త శోకం కలిపేసింది. బాత్రూములో తలుపేసుకుని గొంతెత్తి చూశాను. దగ్గొచ్చింది.

పిల్ల షూలేసుకుంటోంది. వెళ్ళి దాని మంచం మీద కూర్చున్నాను.

"అది ఇలా తే," అన్నాను.

"ఏది ఆంటీ?"

"అదేనే. ఆ రోజుది. నేను ఏడ్చింది. ఏమీ అననులే, ఒక్కసారి విని ఇచ్చేస్తాను."

పిల్ల షూ వదిలేసి నా మొహంలోకి చూసింది.

"లేదు ఆంటీ. నువ్వు తీసెయ్యమన్నావు కదా."

"నా ముందు తీశావులే. ఇంకోటుంటుంది కదా, అది."

"ఇంకోటి లేదు. ఎక్కడా లేదు. ఒట్టేశాను కదా ఆంటీ," అంది. ల్యాప్‌టాప్ తీసి నా ఒళ్ళో పెట్టింది. ఈ పిల్ల అబద్ధం చెప్పదని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

కింద వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను దాని భుజాలు పట్టుకుని కుదిపేస్తున్నాను. తెలుగులోనే తిడుతున్నాను, దానికి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు.

"ఒక్కటి దాచుకోకూడదటే పిచ్చిదానా! ఎవరడిగారే నిన్ను అంత నిజంగా ఉండమని? దాచుకుంటావనే కదే నేను తీసెయ్యమన్నాను!"